బుట్టలో పిడికెడు బియ్యం

"అమ్మమ్మా, బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి ఆ డబ్బాలో ఎందుకేస్తావ్?"

ఎందుకేంటే, అలవాటు. మా అత్త నేర్పింది. చిల్లకల్లు కాపురానికొచ్చిన మొదటిరోజే చెప్పింది, ఇంట్లో అందరికీ కొలుచుకో, అందులోంచే దేవుడికి పిడికెడు తియ్యి, ఆదివారం చర్చిలో బుట్టలో పొయ్యి అని. ఆ బుట్ట పాస్టరుగారింటికి పోయేది. వాళ్లకి జీతమా పాడా, ఆ బియ్యమే కూడు.

మీ తాతయ్య పత్తి ట్రాక్టరు మీంచి పడ్డాడు చూడు, నందిగామ రోడ్డులో, అప్పటి మాట. తొడ ఎముక విరిగింది. మీ అమ్మ చంకలో పిల్ల... కాదు కాదు, మీ అమ్మ నడుస్తోంది, చంకలో మీ మావయ్య. ఆయన్ని లేపి కూర్చోబెట్టాలన్నా నేనే, ఇంక మిరపకాయ కోతలకేం పోతా? కోటా బియ్యం కిలో రెండ్రూపాయలే అనుకో, పది రోజులకే నిండుకునేయి. పక్కింటోళ్లు అన్నం తిన్నావా అంటే తిన్నాననేదాన్ని. నోరు తెరిచి అడిగే రకం కాదు నేను. పొగరే, కాదన్లా.

ఓ ఆదివారం చర్చికి పోలా. చేతిలో పిడికెడు లేకుండా ఏ మొహం పెట్టుకుని పోతా? దాంతోనే దొరికిపోయా. నా పిడికెడు రాలేదని బుట్ట దగ్గర ఆడాళ్లకి ఇట్టే తెలిసిపోయింది. ప్రార్థన అవగానే పాస్టరమ్మగారు బుట్ట నెత్తినెట్టుకుని మా ఇంటికొచ్చేసింది, వెనకాల పదిమంది. మంచం చుట్టూ కూర్చుని పాటలు పాడారు, ప్రార్థన చేశారు. మీ తాతయ్య దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు.

ఆ అన్నం సంగతి చెప్పాలే నీకు. పదిళ్ల బియ్యం కదా, కోటావి, దంపుడువి, నూకలు, అన్నీ కలిసి! సగం మెత్తబడేది, సగం పలుకు. అంత కమ్మటి అన్నం మళ్లీ తినలేదంటే నమ్ము.

ప్రతి ఆదివారం అట్టాగే తెచ్చేవాళ్లు. మూడో నెలో ఏమో, ఖాళీ బుట్ట ఇచ్చొద్దామని వారం మధ్యలో వెళ్లా. పాస్టరమ్మగారు పిల్లలకి జొన్నజావ పోస్తోంది. నన్ను చూసి గిన్నె కొంగుచాటున పెట్టుకుంది. ఇన్నాళ్లూ మేం తిన్నది వాళ్ల కూడు! ఆ మాత్రం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలీదు. "ఇంక తేవద్దమ్మగారూ" అని ఏడ్చేశా.

ఆవిడ కోప్పడింది. "ఏడుపు మాను. ఆ బియ్యంలోంచే పిడికెడు తీసి పెట్టు. ఆదివారం నువ్వే పట్టుకురా. చర్చి మాత్రం మానొద్దు" అంది.

పట్టుకెళ్లా. వాళ్లిచ్చిన బియ్యమే వాళ్ల బుట్టలో పోశా. సిగ్గేస్తుందనుకున్నా గానీ వెయ్యలేదే. తలెత్తుకుని ఇంటికొచ్చా. మీ తాతయ్య లేచి నడిచిందాకా ఆ పిడికెడే నన్ను నిలబెట్టింది, దేవుడి దయవల్ల.

పాస్టరమ్మగారు పోయి చాన్నాళ్లైంది. ఆ పదిమందిలో నేనే మిగిలా. ఇప్పుడు బుట్టెక్కడిది, కానుకలన్నీ ఫోన్లలోనే. తప్పు పట్టట్లా, వాళ్ల వీలు వాళ్లది. నాకే, ఆదివారం చెయ్యి వెలితిగా ఉంటది. మొన్న మీ మావయ్యతో జగ్గయ్యపేట నుంచి మూడు రకాల బియ్యం తెప్పించి, కలిపి వండా. ముసల్దానికి పిచ్చి అనుకున్నాడు. పలుకు పలుకుగానే వచ్చింది గానీ, ఆ రుచి రాలా. ఎట్టా వస్తదే, అంతా ఒక్క ఇంటి బియ్యమేగా.

ఇట్రా. నువ్వో పిడికెడు తియ్యి. గట్టిగా పట్టు, ఒలికిపోతున్నాయ్. ఆ... ఆ డబ్బాలో నా బియ్యం మీదే పొయ్యి. చల్లగా ఉండు తల్లీ, నీ చెయ్యి ఎప్పుడూ వెలితి పడకూడదు. చూశావా... ఇద్దరివయ్యాయి.