కాలువ కట్టేసిన ఏడాది

పెదపాడు పక్క ఊళ్ళో కాలువ గట్టు దిగుతూనే వ్యవసాయాధికారి పెర్సిస్ నేరుగా రైతు రాఘవయ్య మడి దగ్గరికి నడిచింది. మడి గట్ల దాకా నీళ్ళతో నిండి ఉంది; రాఘవయ్య అక్కడే ఉన్నాడు.

"తక్కువ నీళ్ళతో శ్రీ పద్ధతిలో వరి వేస్తానన్నారు కదండీ! మధ్యమధ్య మడి ఆరగట్టాలి కదా?"

"నిరుడు మీరు చెప్పినట్టే ఆరగట్టానండీ."

"పిలకలు ఎంత బాగా వచ్చాయో నేనూ చూశాను."

"వచ్చాయండీ. ఆ సంబరంలోనే ఇంకోసారి ఆరగట్టాను. మర్నాడే కాలువ కట్టేశారు. పద్దెనిమిది రోజులు చుక్క రాలేదు. కంకి రాబోతూ పొట్ట మీదున్న చేను నా కళ్ళ ముందే ఎండిపోయిందమ్మా."

"ఈసారి వంతులవారీగా వదులుతారటండీ."

"ఏ రోజు వదులుతారో చెప్పగలరా?"

పొద్దున్నే కాలువ ఆఫీసులో పెర్సిస్ కూడా అదే అడిగింది. ఎవరూ చెప్పలేదు.

"నీళ్ళు తీసేయడం నా చేతిలో పనేనండీ. మళ్ళీ పెట్టడం నా చేతిలో లేదు. అందుకే ఉన్నప్పుడే నింపుకుంటున్నాను."

"పోనీ, ఒక్క అరెకరమైనా ఆరగట్టి చూస్తే..."

"మీదీ కలిదిండి వైపు వ్యవసాయ కుటుంబమేనన్నారు. మీ నాన్నగారు వేస్తున్నారా ఈ వరి?"

"లేదండీ. మొన్న వేసవిలో పొలమంతా చేపల చెరువుకి లీజుకిచ్చేశారు. ఎంత చెప్పినా నా మాట వినలేదు."

"ఆయన్నేమీ అనకండమ్మా. కాలువ ఆయన చేతిలో మాత్రం ఉందా?" అన్నాడు రాఘవయ్య మెల్లగా.