సిమెంటు కలిపిన చేతికి వందనం

1989 ఆగస్టు పదహారవ తేదీ, బుధవారం నాడు శ్రీమతి నూకరత్నం గారు చోడవరంలోని మన సేవా సమితి దంత వైద్యశాలలో సహాయకురాలిగా విధుల్లో చేరారు. అరవై ఏళ్ళు నిండి, ఈ 2025 జూలై ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడుతున్న ప్రత్యేక సంచికకు వారి ఉద్యోగ ప్రస్థానాన్ని వివరిస్తూ వ్యాసం రాయమని సమితి కార్యదర్శి శ్రీ రామచంద్రమూర్తి గారు నన్ను ఆదేశించడం నా భాగ్యం. అయితే ఇందులో ప్రశంసతో పాటు ఒక క్షమాపణ కూడా ఉంటుందని సహోద్యోగులకూ, నూకరత్నం గారి కుటుంబ సభ్యులకూ ముందుగానే మనవి చేస్తున్నాను.

దేవరాపల్లి దగ్గర చెరకు పండించే కుటుంబంలో జన్మించి, పదవ తరగతి పూర్తిచేసి, మొదటి బస్సుకు చోడవరం చేరి ఆసుపత్రి తలుపులు తెరిచిన ఆ యువతికి అప్పట్లో అప్పగించినవి రెండు గదులు, ఒక కుర్చీ, పరికరాలు మరిగించడానికి ఒక కిరోసిన్ స్టవ్వు. ఒక్కొక్క పరికరం పేరునూ తెలుగు అక్షరాల్లో గోడ క్యాలెండరు వెనక రాసుకుని ఆరు నెలల్లో కంఠస్థం చేశారట. ఇంజెక్షను చూసి కుర్చీలోంచి లేచి పారిపోయిన వారిని గేటు దాకా వెళ్ళి, కబుర్లు చెబుతూ వెనక్కు తీసుకొచ్చిన ఘనత వారిది.

2012లో పట్టా పుచ్చుకుని నేను ఇక్కడికి వచ్చేనాటికి వారి అనుభవం ఇరవై మూడేళ్ళు, నాది సున్నా. అయినా డాక్టరును నేనే కదా! నోటి నిండా ఇంగ్లీషుతో, మనసు నిండా గర్వంతో ఉన్న నన్ను వారు సహనంతో భరించారు. ఏ పన్ను పీకడానికి తొందరపడకూడదో, ఏ మనిషికి ముందు మంచినీళ్ళు ఇవ్వాలో నాకు చెప్పింది కళాశాల కాదు, నూకరత్నం గారు.

ఇక ఆ సంఘటన. మా దగ్గరికి వచ్చే చాలామందికి చిగురు దగ్గర పన్ను గాడిపడి జివ్వుమంటుంది. ఆ గాడిని పొడి, ద్రవం కలిపిన తెల్లని సిమెంటుతో నింపుతాము. కలపడం నూకరత్నం గారి పని, నింపడం నా పని. 2014లో, నేను నింపిన పళ్ళు ఏడాది తిరగకుండానే మళ్ళీ గాళ్ళు పడి రాసాగాయి. రోలుగుంట రైతు పరదేశి గారు ఒకనాడు పదిమంది ఎదుట నోరు తెరిచి చూపించి, "ఏటి బాబూ ఇది? సిమెంటెట్టేరా, సున్నమెట్టేరా?" అని నిలదీశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నూకరత్నం గారి వైపు తిరిగి, "మీరు పొడి తగ్గించి పల్చగా కలుపుతున్నారు" అని అందరి ముందూ అనేశాను. అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రమే సమితికి ఫిర్యాదు రాశాను. వారం తిరక్కుండా వారికి మెమో వచ్చింది. వయసులో నాకు తల్లి వంటి మనిషి, సంతకం పెట్టి దాన్ని తీసుకుని మర్నాడు మామూలుగా పనిలోకి వచ్చారు.

నాలుగు రోజుల తర్వాత, రోగుల చీటీల కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టి, "బాబూ, నాను పల్చగా కలిపితే రెండేపులా అరగాలి గదా. సూడండి, అందరికీ ఎడమేపే ఎక్కువ అరుగుతన్నాది" అన్నారు. చీటీలు ఒక్కొక్కటీ తిరగేశాను, వారన్నది నిజమే. వారే పరదేశి గారికి కబురుపెట్టి, ఇంట్లో వాడే బ్రష్షూ, పళ్ళపొడీ తెమ్మన్నారు. ఆయన తెచ్చిన బ్రష్షు చీపురులా గరుగ్గా ఉంది. పొడిని వేళ్ళ మధ్య నలిపితే ఇసకలా తగిలింది. నీళ్ళ తొట్టి దగ్గర నిలబెట్టి తోమమంటే, కుడిచేత్తో పట్టుకుని ఎడమ దవడ మీద అడ్డంగా విజృంభించారు.

"ఓలమ్మో! బిందె తోమినట్టు తోమేస్తన్నావు నాయనా!"

"గట్టిగా తోమకపోతే తెల్లబడతాయేటమ్మా?" అన్నారు పరదేశి గారు అమాయకంగా.

నూకరత్నం గారు అంతటితో వదల్లేదు. ఒకేసారి కలిపిన సిమెంటును రెండు సీసా మూతల్లో అంచు దాకా నింపి, గట్టిపడ్డాక ఇంటికి పట్టుకెళ్ళారు. ఒకదాన్ని పరదేశి గారి పద్ధతిలో, మరొకదాన్ని మెత్తని బ్రష్షుతో, మామూలు పేస్టుతో నెలరోజులు రోజూ తోమారు. తెచ్చి చూపిస్తే మొదటిది అంచు కిందికి గుంటపడి ఉంది, రెండవది ఇంచుమించు పెట్టినట్టే ఉంది. ఆనాటి నుంచే మన ఆసుపత్రికి వచ్చేవారు తమ బ్రష్షు వెంట తెచ్చుకుని, ముందు తోమి చూపించాలన్న నియమం వచ్చింది. అంతకుముందు వారానికి ముగ్గురో నలుగురో అరిగిన పళ్ళతో తిరిగి వచ్చేవారు, ఇప్పుడు నెలకొకరు రావడం కూడా అరుదు. నాకు మంచి వైద్యుడినన్న పేరు వచ్చింది. ఆ పేరులో సగానికి మించి వారిదేనని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

సంకోచం మరొక విషయంలో ఉంది. ఈ వ్యాసం కోసం వారు చేరిన తేదీ సరిచూద్దామని మొన్న ఫైలు తెప్పించుకుంటే, అందులో ఆ మెమో అలాగే ఉంది, వెనక నా ఫిర్యాదుతో సహా. తప్పు నాదేనని ఆనాడే సమితి వారికి నోటిమాటగా చెప్పి, అంతటితో అది రద్దయిపోయిందనుకున్నాను. రద్దు చేయమని రాసిచ్చింది లేదు. ముప్పై ఆరేళ్ళ సేవలో వారికి వచ్చిన ఏకైక మందలింపు పదకొండేళ్ళుగా నా సంతకంతోనే నిలిచి ఉంది. ఆ పూటే లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఉపసంహరించుకున్నాను. రామచంద్రమూర్తి గారు మెమోను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఉత్తర్వు తీసుకెళ్ళి వారి చేతికిచ్చాను. ఆ మెమో ఇంకా ఉన్నట్టు వారికి తెలియదనే అప్పటిదాకా అనుకున్నాను. వారు రెండుసార్లు చదువుకుని, కళ్ళు తుడుచుకుని, "పదకొండేళ్ళూ ఎదురు సూసేను బాబూ, నానడక్కుండా మీకే గుర్తొస్తాదనీసి" అన్నారు.

అమ్మా, నేను పదిమంది ముందు మిమ్మల్ని మాట అన్నాను గనుక, ఇన్ని వందల మంది చదివే ఈ పుటలోనే చెబుతున్నాను: మీరు కలిపిన సిమెంటులో ఏనాడూ లోపం లేదు. లోపం నా తొందరపాటులో ఉంది, దాన్ని సరిదిద్దడంలో నేను చేసిన ఆలస్యంలో అంతకంటే ఎక్కువ ఉంది. మీ ఓర్పుకూ, మీరు నేర్పిన విద్యకూ కృతజ్ఞతతో నమస్కరిస్తున్నాను. నిండైన ఆరోగ్యాన్నీ, మీ వారందరి ఆదరణనూ, మీకు రావలసిన మంచిమాట కోసం ఇకపై ఒక్కరోజైనా ఎదురుచూడనక్కరలేని దీర్ఘాయువునూ ఆ గౌరీశ్వరుడు మీకు ప్రసాదించాలని మనసారా వేడుకుంటున్నాను.

డాక్టర్ కృష్ణకాంత్