అంతయ్య కట్టిన జలపాతం

"రాండ్రి బిడ్డా, ఇటు దగ్గరికి జరుగుండ్రి. భావనా, గా మూల మెట్టు మీద మూతి ముడుచుకొని కూసుంటే కుంటాల జలపాతం నీ కాడికి నడిచొస్తదా? నా పక్కకు రా."

మన్సూరాబాద్‌లో సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, బడుల్లేవు. అంతయ్య పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణం షట్టరు దించి ఉంది. సెలవులకు కుంటాల చూపిస్తానన్న నాన్న మాట సమ్మెలో కలిసిపోయిందని, కింది వాటాలో గుంటూరు వాళ్ల పిల్ల భావన పొద్దుటినుంచీ ఏడుస్తోంది. అందుకే అంతయ్య నోరు తెరిచాడు. గడపలో కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న ఆయన భార్య యాదమ్మ చెవి అటే ఉంది. పోచంపల్లి మగ్గం దిగి ఇన్నేళ్లయినా ఆయన కోతలు మాత్రం దిగలేదు.

"నేను పోయిన్నాడు గా ధార నన్ను జూసి సిగ్గుపడ్డది."

"నీళ్లకు సిగ్గేంది తాతా?" అంది పక్కింటి మాలతి.

"మంచిగ జూస్తే దేనికైనా ఉంటది బిడ్డా. ముంగట నిలబడితే గుండె జల్లుమంటది, మాట రాదు, ఎవరి మీది కోపమూ యాదికుండదు. గప్పట్ల కొండ, అడివి, నీళ్లు అన్నీ ఒక్కటే తెలుపు, రంగెయ్యని నూలు లెక్క. ఆ తర్వాత నేనేం జేసిన్నో ఎరుకేనా? జేబుల నుంచి సైకిల్ ట్యూబు పట్టీ దీసిన."

"చిటికి కట్టనీకా?" మాలతి కళ్లు మెరిశాయి. రంగులో ముంచే ముందు నూలుకు అక్కడక్కడా పట్టీ బిగించడమే చిటికి; కట్టిన చోట రంగెక్కదని ఆ పిల్లకు తెలుసు. వాళ్ల నానమ్మ ఊళ్లో ఇప్పటికీ చేసేది ఆ పనే.

"మరి! ధారను ఒడిసిపట్టి, కొండ నెత్తి నుంచి కింది దాక చుట్టిన. ట్యూబు చాలలే, లారీ టైరు కోసిన. అదీ చాలలే, రైల్ రోకో జేసి రైలు టైరు అడిగిన."

"రైలుకు టైర్లుండవు తాతగారూ!" భావన మొదటిసారి నోరు విప్పింది.

"వాళ్లూ గదే అన్నరు! ఇగ లాభం లేదని కట్టినకాడికే కొండను ఎత్తి పచ్చరంగు కాగుల ముంచిన. కాగంటే గీ మన్సూరాబాదంత. అడివంత పచ్చగైంది. పట్టీ ఇప్పి జూస్తే కట్టిన చోట తెల్లగ మిగిలింది. దాన్నే లోకమంత జలపాతమంటది!"

భావన పకపకా నవ్వింది. నవ్వుతూనే, "ధారను పట్టుకున్నారుగా, నీళ్లు చల్లగా ఉన్నాయా తాతగారూ?" అంది.

కొండను ఎత్తిన మనిషి తల గోక్కుంటూ యాదమ్మ వైపు చూశాడు.

"ఆయనకేమెరుక?" యాదమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఆగింది. "పెండ్లైన ఏడు మేమూ కుంటాలకని సంచి సర్దుకున్నం. బస్సెక్కే పొద్దున నాకు జరమొచ్చె. సంచి దించి నా మంచం పక్కనే కూసున్నడు. నేను ఏడుస్తుంటే గీ కథంత జెప్పిండు. ఆయన పట్టుకున్న నీళ్లు నా నొసలు మీద తడిగుడ్డవే బిడ్డా. చల్లగనే ఉండె."

భావన లేచి వెళ్లి యాదమ్మను ఆనుకొని కూర్చుంది.

"బస్సులు తిరగ్గానే నాన్న తీసుకెళ్తారు. మీరిద్దరూ మాతో రండి. తాతగారు కట్టింది మీరూ చూడాలిగా, మామ్మగారూ."

అంతయ్య లేచి పంచె దులుపుకున్నాడు.

"పోండ్రి, ఇగ ఇండ్లకు పోయి తినుండ్రి. నాకూ జర బువ్వ పెట్టు యాదమ్మా, మల్లా కొండ ఎక్కేదుంది."