దగ్గినోణ్ణి పట్టుకుపోయినారు

యేసయ్య పాదాల మీద ఒట్టు గిరీశప్పా, ఇప్పుడు నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధముంటే మైనువాళ్ళు పోసిన ఆ సైనైడ్ మట్టిగుట్ట విరిగి నా నెత్తిన పడనీ. నవ్వతా ఉండావు కదా? మాస్కు వెనకాల నవ్వితే కనబడదనుకున్నావా? నీ చెవులు నవ్వతా ఉండాయి.

ఆడే నిలబడు, లోపలికి రావద్దు. వాకిలికి అడ్డంగా ఎర్ర టేపు కట్టి, గోడకు కాగితం అంటించి పోయింది మీ మునిసిపాలిటీవాళ్ళే కదా? ఆ కాగితాన్ని మేక తినేసింది. పాపం, దానికి రాత్రంతా చలిజ్వరం.

ఇంగ మీ రూల్సు సంగతికొస్తాం. మొదట ఒకాయన వచ్చినాడు. "అజ్జీ, జబ్బు వచ్చినోళ్ళు వేరే రూములో ఉండాల, ఆ రూముకు వేరే బాత్రూం ఉండాల" అన్నాడు. రూమా? నాయనా, ఇది మైను కంపెనీ కూలోళ్ళకు కట్టించిన లైను ఇల్లు. ఉండేది ఒక గది. పొయ్యి పక్కన మంచం, మంచం కింద కోళ్ళు. మా ఇంటాయన ఇటు తిరిగి పడుకుంటే నేను వీధిలో పడతా. బాత్రూమంటావా, లైను చివర ఉండాది, సగం ఆండర్సన్‌పేటకు అదే దిక్కు. అక్కడ చెంబు పట్టుకోని నిలబడిన వరుసలో పెండ్లి సంబంధాలు కుదిరినాయి, తెలుసా నీకు?

ఆయన పోయినాక ఒకామె వచ్చింది. ఆరడుగుల దూరమంట! సరేనని నా పెండ్లి చీర గది నడుమ అడ్డంగా కట్టినా. ఆ పక్క మా ఇంటాయన విల్సన్, ఈ పక్క నేను. ఆమె చెప్పిన దూరం రావాలంటే ఆయప్ప కాళ్ళు పక్కింటి సొన్నమ్మ వంటింట్లో పెట్టాల. సొన్నమ్మ ఒప్పుకోలేదు.

మూడో ఆయన రాలేదు, సొన్నమ్మ ఫోన్లోనే పెద్దమనిషి. అందరూ వాడే బాత్రూముకు పోరాదంట. మరి యాడికి పోవాల సామీ అని అడిగితే, గొంతు సవరించుకోని "అడ్జస్ట్ చేసుకోండమ్మా" అన్నాడు. ఎట్ల చేసుకోవాలో నువ్వే వచ్చి ఒకసారి చేసి చూపించు అన్నా. ఫోను పెట్టేసినాడు.

ముసలోళ్ళు ఇల్లు కదలకూడదని ఒకడు. ముసలోళ్ళు ఇంట్లో ఉండనేకూడదు, కరోనా సెంటరుకు పోవాలని ఇంగొకడు. బంగారుపేటలో రైళ్ళే నయమప్పా, ఒకటి పోయినాకే ఇంగొకటి వస్తుంది. మీ రూల్సన్నీ ఒకే పట్టా మీద ఎదురెదురుగా వస్తాయి.

తరువాత మా ఇద్దరి ముక్కుల్లో పుల్ల దూర్చినారు. నాకైతే మెదడు దాకా పోయింది. నా చిన్నప్పటి జ్ఞాపకాలు రెండు దానికి అంటుకోని పోయినాయి, ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఫలితం సొన్నమ్మ ఫోనుకు వచ్చింది. మాకు ఫోనెక్కడిది? ముసలాయనకు ఏమీ లేదు, ముసలామెకు ఉండాది. అది నాకే! సొన్నమ్మ గోడ మీద కొట్టి చెప్పింది. నేను సంచి సర్దుకుంటా ఉండాను, అంతలోనే బండి వచ్చేసింది. తలకాయ నుంచి కాళ్ళ దాకా తెల్ల సంచుల్లో దూరిన ఇద్దరు మొగోళ్ళు దిగినారు. "ఇంట్లో కేసెవరు?" అన్నారు.

సరిగ్గా అప్పుడే మా ముసలాయన దగ్గినాడు.

ఏమి దగ్గప్పా అది! ముప్పై ఏండ్లు భూమి కింద రాతిదుమ్ము మింగిన దగ్గు. ఆ దగ్గుకు ముళబాగిలు హైవేలో లారీలు బ్రేకు వేస్తాయి. మైను మూతబడింది గానీ దగ్గు మూతబడలేదు. దగ్గేవాళ్ళనంతా పట్టుకుపోతే ఈ పేటలో ఇంగ మిగిలేది కుక్కలే. గుట్ట మీదనుంచి గాలి కొడితే కుక్కలూ దగ్గుతాయి.

"ఇదే కేసు" అని రెక్క పట్టుకున్నారు. "ఒరే, కేసు నేనురా! జ్వరం నాకురా!" అని అరిచినాను. ఆ డ్రైవరు జయరాం, మన లైనోడే, ఏం చెప్పినాడో తెలుసా? "సార్, ఈ అంతోనమ్మ మాట నమ్మొద్దండి. పోయినేడు చిరుతపులికి రాగిముద్ద తినిపించినానని చెప్పింది" అన్నాడు. పులి సంగతి నిజమే. చిన్న పులి. సరేలే, పిల్లి. అయితే? పిల్లిని పులి అన్నదానికి జ్వరం రాకూడదా?

ఈ మనిషి ఏం చేసినాడు? చీర పక్కకు తీసి నన్ను చూసినాడు. "నువ్వు ఊరుకోవే" అన్నాడు. వాళ్ళ దిక్కు తిరిగి "నేనే సార్" అని బండెక్కేసినాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. జన్మంతా కిందికి దిగినోడు కదా, ఎవరో ఒకరు దిగాలంటే తానే దిగాలనుకుంటాడు, మొండి గాడిద.

సగం ఊపిరితో బతికే మనిషప్పా. నిజంగా జబ్బున్నోళ్ళ నడుమ ఏ స్కూలు హాల్లోనో పడుకోబెట్టి ఉంటారు. యాడుండాడని అడిగితే ఒకడు కోలారంటాడు, ఒకడు ముళబాగిలంటాడు. చీమకు చక్కెర పెట్టని కంపెనీ, అది కూడా మనిషిని కిందికి దింపేటప్పుడు ఇత్తడి బిళ్ల ఇచ్చేది. పైకొచ్చినోడు ఆ బిళ్ల టైమాఫీసులో మేకుకు తగిలించాల. కింద రాయి పగిలిన దినం ఆడోళ్ళమంతా గేటుకాడ నిలబడి ఆ మేకులే చూసేవాళ్ళం. ఎవరి మేకు ఖాళీగా ఉంటే వాళ్ళ పెండ్లాం గొంతు లేచేది. మీరేమిచ్చినారు నాకు? ఎర్ర టేపు!

ఇంగా నమ్మలేదా? సరే. పొయ్యి మీద నెత్తళ్ళ ఎండుచేపలు మాడతా ఉండాయి చూడు. మాస్కులో ఉన్నా నీకు కండ్లలో నీళ్ళొచ్చినాయి. పక్కింట్లో సొన్నమ్మ తిట్టతా ఉండాది. పొయ్యి పక్కనే ఉన్నా, నాకు ఏ వాసనా రాలేదు గిరీశప్పా. ఇంత కూడా రాలేదు.

ఇప్పుడు నవ్వవేమి?

గడప మీద లోటా పెట్టినాను, అందుకో. దాంట్లో ఉండేది ఆయప్ప బిళ్ల. మైను మూసిన దినం తీసుకునేదానికి టైమాఫీసులో ఎవడూ లేకపాయె. ఇంటికి తెచ్చి యేసయ్య పటం పక్కన మేకు కొట్టి తగిలించినాడు. కోడిగుడ్డు ఉడికించినట్ల ఉడికించినాను, భయపడొద్దు. ఆ పక్కనే చెప్పులు కూడా ఉండాయి, తీసుకో.

ఏ ఊర్లో ఉంటే ఆ ఊరికి పో. బిళ్ల చేతిలో పెట్టి, షిఫ్టు అయిపాయె, నీ పెండ్లాం పైకి రమ్మందని చెప్పు. ఆయప్పను దింపినాక బండి ఖాళీగా పోనీయద్దు, నేను సంచితో ఈడే కూర్చోనుంటా. బిళ్ల మాత్రం నువ్వు తేవద్దు. ఆయప్పనే తెచ్చి తగిలించమను. ఖాళీ మేకు చూస్తా కూర్చునేది నాకు చేతకాదు. పో, బిరీన పో.