సంవత్సరం వేయని శనివారాలు

1993 సెప్టెంబరు 7వ తేదీ, మంగళవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, అంటే కార్యాలయం తలుపులు తెరవడానికి ఇరవై నిమిషాల ముందే, శ్రీమతి వెర్నా హూక్‌స్ట్రా గారు మన బిట్టర్‌బ్రష్ వ్యాలీ కమ్యూనిటీ కళాశాల రికార్డుల విభాగంలో టైపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఈ జూన్ 28న పదవీ విరమణ చేయనున్న వారి సేవాకాలం ముప్పై సంవత్సరాల తొమ్మిది నెలల ఇరవై ఒక్క రోజులు. ఈ లెక్క నాది కాదు. చిత్తుప్రతిలో నేను ‘సుమారు ముప్పై ఏళ్లు’ అని రాయగా, అభినందన వ్యాసాన్ని అభినందనీయులే దిద్దకూడదన్న మర్యాదను సైతం పక్కనపెట్టి, ఆకుపచ్చ పెన్సిలుతో ఆ ‘సుమారు’ను కొట్టివేసినది వారే.

లోయ దిగువన పాడి పశువుల మధ్య పుట్టి పెరిగిన వెర్నా గారు ఐదేళ్ల పాటు టైపు యంత్రం ముందు కూర్చున్న తరువాత, 1998లో స్థానికత నిర్ధారణ బల్లకు మారారు. ఆ బల్లను కోరి తీసుకున్న వారు అంతకు ముందు గాని, నిన్నటి వరకు గాని, మరొకరు లేరు. చదువు కోసం కాక బతుకు కోసం వచ్చి, తరగతులు మొదలయ్యే నాటికి రాష్ట్రంలో నిండా ఏడాది కాపురమున్న వారికి స్థానిక రుసుము. తక్కిన వారికి దాదాపు మూడింతలు. చెప్పడానికి ఒక్క వాక్యం. కాని పంటతో వచ్చి పంటతో పోయే జనం సగముండే ఈ ఆపిల్ లోయలో, ఆ ఒక్క వాక్యం మీద ఎన్ని ఇళ్ల ఆశలు వేలాడుతుంటాయో ప్రతి సెప్టెంబరులో శీతల పానీయాల యంత్రం దాకా సాగే వరుసను చూసిన మనకందరికీ తెలుసు.

ఆ వరుస నత్తనడక నడవడానికి కారణం కూడా వారే. నేను 2005లో ఈ విభాగంలో చేరి వారి పక్క కుర్చీలో కూర్చున్నాను. నా పేరు ఎలీసియో బహేనా. నా సహనం ఎంత కాలంలో ఎంత హరించుకుపోయిందో కొలవడానికి ఆ పంతొమ్మిదేళ్లే సరైన కొలమానం. వెర్నా గారు అద్దె ఒప్పందంలో తేదీ కింద స్కేలు పెట్టి చదివేవారు. కరెంటు బిల్లు మీది పేరులో ఒక అక్షరం తేడా ఉంటే ఉత్తరం రాయించేవారు. వారి సంభాషణ నాకు నిద్రలో కూడా కంఠస్థమే.

“ఇక్కడే ఉంటున్నానండీ, సేఫ్‌వే దుకాణం వెనక సందులో.”

“ఎక్కడుంటున్నావని కాదు బాబూ, ఎప్పట్నుంచి ఉంటున్నావని అడుగుతున్నా.”

“చాన్నాళ్లయిందండీ.”

“చాన్నాళ్లు అనే తేదీ నా క్యాలెండర్లో లేదు.”

ఒకనాడు నేను ఉండబట్టలేక, “మేడమ్, వాళ్ల మొహం చూస్తే తెలీట్లా? నిజమే చెప్తున్నారు,” అన్నాను. “మొహాన్ని ఫైల్లో పెట్టలేం ఎలీసియో,” అని వారు స్కేలును మరో గీతకు జరిపారు.

ఇక్కడ నా గురించి ఒక విషయం చెప్పక తప్పదు. అభినందన సంచికలో ఇటువంటిది రాయవచ్చునా అని సంపాదక వర్గాన్ని అడిగాను. వెర్నా గారినీ అడిగాను. “తేదీలు సరిగ్గా ఉంటే రాయి,” అన్నారు.

2009 సెప్టెంబరులో వెర్నా గారు కూతురి పురిటికని పది రోజులు సెలవు పెట్టారు. ఆ పది రోజుల్లో వరుస పరుగులు తీసింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆరెగాన్ నుంచి వచ్చి ఆపిల్ గిడ్డంగిలో పనిచేస్తున్న డారెల్ కిన్‌కేడ్ అనే యువకుడు, రెండేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని, శీతల గిడ్డంగుల యంత్రాలు బాగుచేసే కోర్సుకు దరఖాస్తు పెట్టాడు. అతని అద్దె ఒప్పందం మొదలై ఏడాది నిండడానికి తొమ్మిది రోజులు తక్కువైంది. “అంతకు ముందు మా మేనత్త ఇంట్లో ఉన్నానన్నా,” అన్నాడు. మేనత్త చేత ఉత్తరం రాయించమని అడగవలసింది. పాప ఏడుస్తున్నది, వెనుక నలభై మంది ఉన్నారు. సంతకం పెట్టేశాను. నాకు నేను ఎంతో మంచివాడిగా కనిపించిన రోజు అది.

2011 వసంతంలో రాష్ట్రం నుంచి తనిఖీ వచ్చింది. వెర్నా గారి సంతకమున్న దస్త్రాల్లో ఒక్కదానికీ అభ్యంతరం రాలేదు. నా పది రోజుల సంతకాల్లో మూడింటికి వచ్చింది. ఇద్దరు కాగితాలు తెచ్చి చూపించుకోగలిగారు. డారెల్ చూపించలేకపోయాడు, ఆ మేనత్త అప్పటికే కన్నుమూసింది. రెండేళ్ల తేడా అంతా ఒక్కసారిగా కట్టమని నోటీసు తయారైంది. చదువు పూర్తికావడానికి అతనికి మిగిలినది ఒక్క విడత.

వెర్నా గారు నన్ను ఒక్క మాట అనలేదు. కారు తాళాలు తీసుకుని, “పద, ఈ వార్త ఉత్తరంలో చదవాల్సింది కాదు,” అన్నారు. డారెల్ గుమ్మంలోనే నిలబడి విన్నాడు. చివరకు నా వైపు తిరిగి, “నువ్వు సాయం చేశావనుకున్నానన్నా,” అన్నాడు. కోపంగా అనలేదు. వెర్నా గారు ఆ వేసవి అంతా పై అధికారులకు పదకొండు ఉత్తరాలు రాసినా ఫలితం దక్కలేదు. అతను మళ్లీ కళాశాలకు రాలేదు.

ఆ తరువాత కూడా వారితో నా గొడవ తీరిందని ఎవరూ అనుకోవద్దు. 2016 సెప్టెంబరు నాటి సంగతి చెబుతాను.

ఫిదేలా మెరీనో గారికి అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టింది కాలిఫోర్నియాలో, బతుకంతా స్ట్రాబెర్రీలు, చెర్రీలు, ఆపిల్స్ వెంట ఉత్తరానికీ దక్షిణానికీ తిరగడమే. 2015 వేసవిలో ఈ లోయకు వచ్చి, ఇక కదలనని నిశ్చయించుకుని, ఒక తోట యజమాని పెరట్లో, చక్రాల మీది ఇల్లులాంటి ట్రైలరులో ఆగిపోయారు. మరుసటి ఏడు నర్సింగులో సీటు వచ్చింది. తరగతులు సెప్టెంబరు 19, సోమవారం మొదలు. స్థానికత తేల్చుకోవడానికి ఆఖరి ఘడియ 16, శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. స్థానిక రుసుము కాకపోతే ఆ సీటు వారిది కాదు; వరుసలో తరువాతి పేరుకు పోతుంది.

వారి దగ్గర అద్దె ఒప్పందం లేదు. కరెంటు యజమాని పేరు మీద ఉంది. ఆ యజమాని తోట అమ్మి ఎటో వెళ్లిపోయాడు. డ్రైవింగ్ లైసెన్సు మార్చుకున్నది మార్చిలో. వెర్నా గారు సోమవారం తిప్పి పంపారు. బుధవారం తిప్పి పంపారు. గురువారం ఫిదేలా మూడవసారి వచ్చేసరికి నా ఓపిక నశించింది.

“ఎన్నిసార్లు తిప్పుతారు మేడమ్ ఆవిణ్ని? పని మానుకుని వస్తోంది,” అన్నాను, అందరికీ వినపడేట్టుగానే.

“నేను తిప్పి పంపినవాళ్లలో ఎంతమంది మళ్లీ రాలేదో నాకు తెలీదనుకుంటున్నావా?” అన్నారు తల ఎత్తకుండా. నాకు తెలిసినంతలో, ఈ విషయమై వారు నోరు విప్పినది అదొక్కసారే. తరువాత ఫిదేలా వైపు తిరిగారు. “కూర్చోమ్మా. చలికాలంలో కోతల్లేవు. అందరూ దక్షిణానికి పోతారు. నువ్వు పోలేదంటున్నావు. మరి ఏం చేశావు?”

“ఉన్నానండీ. ఊరికే ఉన్నాను.”

“ఊరికే ఎవరూ ఉండరు. సోమవారం ఏం చేసేదానివి?”

“ప్యాకింగ్ షెడ్డులో పని దొరికితే వెళ్లేదాన్ని. చేతికి డబ్బులిచ్చేవాళ్లు, కాగితాల్లేవు.”

“ఆదివారం?”

“చర్చికి. వెనక కూర్చునేదాన్ని, ఎవరికీ నా పేరు తెలీదు.”

“శనివారం?”

ఫిదేలా ఒళ్లోని సంచిని దగ్గరకు లాక్కున్నారు.

“శనివారం ఏం చేసేదానివమ్మా?”

“ఏమీ లేదండీ.”

“చూడు, ప్రతి వారానికీ శనివారం ఒకటుంటుంది...”

“మంచు ఎత్తాను!” అని ఫిదేలా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. “ఫైర్ స్టేషన్ ముందు మంచు ఎత్తాను! చాలా? ఇంకా ఏం కావాలి మీకు?”

ఆకుపచ్చ పెన్సిలు ఆగింది. వెర్నా గారు గొంతు తగ్గించి, “ఎందుకెత్తావమ్మా?” అని అడిగారు.

అప్పుడు బయటపడింది. 2015 సెప్టెంబరు 12న, ఎండలకు కొండలన్నీ భగ్గుమంటూ ఆరుబయట నిప్పు నిషేధించిన రోజుల్లో, ట్రైలరులో గ్యాసు అయిపోయి, ఫిదేలా మూడు రాళ్ల మీద చిక్కుడు గింజలు ఉడకబెట్టుకున్నారు. పొగ చూసి అగ్నిమాపక దళం వచ్చింది, జరిమానా రాశారు. దానికి బదులు నలభై గంటల ఊరి సేవ చేయవచ్చునంటే, అక్టోబరు నుంచి ఇరవై శనివారాలు, రెండేసి గంటల చొప్పున, స్టేషన్ వాకిలి ఊడ్చి, మంచు ఎత్తారు.

“ఇదెందుకు ముందే చెప్పలేదు?” అన్నాను నేను.

“నా మీద కేసుంది బాబూ. చెబితే సీటిస్తారా ఎవరైనా?”

వెర్నా గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “ఆ జరిమానా కాగితం మీద నీ అడ్రసు రాశారా?”

“రాశారు. ట్రైలరు నంబరుతో సహా.”

“ఉందా?”

“దాచాను. కనపడకుండా దాచాను.”

“తీసుకురా,” అన్నారు వెర్నా గారు. పదకొండేళ్లలో వారి ముఖాన అంత సంతోషం నేను చూసి ఎరుగను.

శుక్రవారం మధ్యాహ్నం నన్ను ఫైర్ స్టేషనుకు పంపారు. నా భోజనం బల్ల మీదే చల్లారిపోయింది. కెప్టెన్ గస్ ట్రిబుల్‌హార్న్ గారు అటక మీది పెట్టె దించి, ఫిదేలా సంతకాలున్న పట్టీ తీసి ఇచ్చారు. వరుసగా ఇరవై శనివారాలు, ఒక్కటీ తప్పలేదు. విజయగర్వంతో తెచ్చి వెర్నా గారి ముందు పెట్టాను. స్కేలు కదిలింది.

“ఇందులో సంవత్సరం వేయలేదు.”

“ఏంటి?”

“అక్టోబరు 3, శనివారం అని ఉంది. ఏ సంవత్సరం?”

“మేడమ్, గంట నాలుగైంది! పోయినేడాది కాక ఇంకెప్పుడు? క్యాలెండర్ చూడండి, అక్టోబరు 3 శనివారం వచ్చింది పోయినేడే!”

“చూశాను. 2009లో కూడా వచ్చింది.”

ఆ అంకెను వారు కావాలని అన్నారో, యథాలాపంగా అన్నారో నేటికీ నాకు తెలియదు. కారు తీశాను. గస్ గారు, “ఆవిడకి మతిపోయిందా?” అంటూనే స్టేషన్ కాగితం మీద, సంవత్సరం వేసి, స్వహస్తంతో ధ్రువీకరించి ఇచ్చారు. నేను తిరిగి వచ్చేసరికి నాలుగు గంటల నలభై ఆరు. వెర్నా గారు జరిమానా కాగితం, సంతకాల పట్టీ, ఉత్తరం మూడూ ఒకదాని కింద ఒకటి పేర్చి, మొదటి నుంచి చివరి దాకా చదివి, నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు సంతకం పెట్టారు.

ఫిదేలా ఏడవలేదు. “ఇంకేం తేవక్కర్లేదా?” అని మాత్రం రెండుసార్లు అడిగారు.

“అక్కర్లేదు. ఇక దీన్ని ఎవరూ కొట్టేయలేరు. నేను కూడా,” అన్నారు వెర్నా గారు.

మరుసటి సంవత్సరం తనిఖీదారులు ఆ దస్త్రాన్ని నిజంగానే బయటకు తీశారు. జరిమానా కాగితాన్ని నివాస ఆధారంగా చూపిన దస్త్రం వారి అనుభవంలో అదే మొదటిదట. మూడు రోజులు అటూ ఇటూ తిప్పి చూసి, చేసేది లేక యథాస్థానంలో పెట్టేశారు. ఫిదేలా మెరీనో గారు నేడు జిల్లా ఆసుపత్రిలో రాత్రి విధుల పెద్ద నర్సు. ఆమె వార్డులో మందుల పట్టీని ఎవరైనా తేదీ వేయకుండా వదిలితే వారి గతి ఏమవుతుందో ఆసుపత్రి వారే చెప్పాలి. నేను వింటూ ఉంటాను, జాలిపడుతూ ఉంటాను.

తదనంతర కాలంలో దరఖాస్తులు కంప్యూటరుకు ఎక్కాయి. మహమ్మారి కాలంలో ఇళ్ల నుంచే పనిచేశాం. తెర మీద కూడా వెర్నా గారు స్కేలు ఆనించే చదివేవారని వారి అమ్మాయి నాతో చెప్పగా నేను ఆశ్చర్యపోలేదు.

విశ్రాంత జీవితాన్ని ఇడాహోలో, అక్క హెన్నీ గారి ఇంట గడపాలని వారు నిశ్చయించుకున్నారు. అక్కడి కమ్యూనిటీ కళాశాలలో కుర్చీలకు గుడ్డ తొడిగే పని నేర్చుకోవాలని కోరిక. గత నెల ఫోను చేసి కనుక్కున్నారు.

“ఏడాది ఆగాలట,” అన్నారు ఫోను పెట్టేసి.

“అయ్యో! ముప్పై ఏళ్లు ఇదే పని చేశానని చెప్పలేకపోయారా?”

“చెప్పడమెందుకు? ఆ పిల్ల సరిగ్గానే చెప్పింది. వెళ్లగానే కారు రిజిస్ట్రేషన్ మార్చుకోమని కూడా గుర్తు చేసింది. మంచి పిల్ల.” ఆ సాయంత్రమంతా వారు ఎంతో ఉల్లాసంగా ఉన్నారు. ఇటువంటి మనిషిని ఏం చేయగలం?

వెర్నా గారూ, ఆ ఏడాది మీకు సుఖంగా గడవాలని, ఆ పై ఏళ్లు అంతకంటే సుఖంగా సాగాలని, మీ మోకాళ్లు మీ మాట వినాలని, మీ కళ్లకు సన్నటి అక్షరం ఎప్పటికీ మసకబారకూడదని, మీ కుటుంబ సభ్యులతో పాటు, మా అందరి పక్షాన కోరుకుంటున్నాను. పంతొమ్మిదేళ్లు నన్ను విసిగించిన ఓపికకు ఏ లోటూ రాకుండా, మరో ముప్పై ఏళ్లు నిండు ఆరోగ్యంతో ఉండి, ఇక మీదట మీ అక్కగారిని విసిగించండి.