ఒక్క సెకను ఆలస్యం

తిరుపతి శివార్లలో రెండేళ్లుగా అమ్ముడుపోని కొత్త ఇల్లు. దేవుడి గదిలో పటం దించి పని చేస్తున్నవాడు ఎలక్ట్రీషియన్ అష్ఫాక్. పక్కన నిలబడ్డవాడు ఇంటి యజమాని రామచంద్ర.

“మిగతా గదుల్లో చేత్తో నొక్కినా వెలుగుతాది, ఫోన్‌లో నొక్కినా వెలుగుతాది సార్. ఈడ మాత్రం గోడమీద స్విచ్చే వద్దంటారా?”

“వద్దు. చూసేవాళ్లకు ఏమీ కనపడకూడదు.”

“అట్లయితే రిసీవర్ డబ్బీ పటం వెనకాల దాస్తా. దీపం వెలగల్లంటే మీ ఫోన్ ఒక్కటే దారి.”

“ఫోన్ జేబులో ఉంటాది. చెయ్యీ జేబులోనే ఉంటాది. రేపు పొద్దున శ్రీకాళహస్తి నుంచి ప్రసన్నకుమారి టీచరమ్మ ఇల్లు చూడను వస్తాది. ఆమె కుడికాలు గడప దాటతానే ఈ దీపం వెలగల్ల.”

“దానంతటదే వెలిగిందని చెప్తారా?”

“నేను నోరే తెరవను. ఆమే అనుకుంటాది.”

“టీచరమ్మ నమ్ముతాదా సార్?”

“సైన్సు చెప్తాదంట. వీధిపోటు ఉండాదని రెండుసార్లు గేటు కాణ్ణుంచే వెనక్కి పోయింది. వీధికి భయపడినామె దీపానికి దండం పెట్టదా?”

“ఒక చిక్కుండాది. నొక్కినాక ఒక సెకను పట్టి వెలుగుతాది. కావాలంటే ఇంకా పెంచొచ్చు, తగ్గించను గాదు. ఇదో, నొక్కినా.”

“ఆఁ... బలే ఉండాదబ్బా. దేవుడు ఆలోచించి వెలిగించినట్టుండాది. అట్లే ఉండనీ. ఈ సంగతి బయటికి రాకూడదు, తెలిసిందా?”

“ఒకరింట్లో బిగించింది ఇంకొకరింట్లో చెప్పే అలవాటు లేదు సార్. చెప్తే నాకు పనెవరిస్తారు?”

“ఇది మోసం గాదు. ఇల్లు అమ్ముడుపోతాదని స్వామే సెలవిచ్చినాడు. నేను కొంచెం సాయం పడతా ఉండా, అంతే.”

“ఏ స్వామి?”

“పూతలపట్టు అవతల ఆశ్రమం. పోయిన పౌర్ణమికి మూడొందలమంది ఉండాము. ‘రామచంద్రా’ అని నన్నే పిలిచినాడు. కూసున్న చోటి నుంచి కదల్లేదు. చేతులు రెండూ శాలువ కిందనే ఉండాయి. దేవుడి ముందర దీపం దానంతటదే వెలిగింది... ఏమబ్బా, స్క్రూ పడేసినావు?”

“చెయ్యి జారింది. కరెంటు దీపమే గదా సార్?”

“అయితే ఏమి? స్విచ్చు యాడా లేదు. జనం పోయినాక గోడలన్నీ తడిమి చూసినా. ఏది చెప్తే అది నమ్మే రకం గాదు నేను.”

“పిలిచిన వెంటనే వెలిగిందా?”

“వెంటనే గాదు. అదే మహిమ. అందరమూ ఊపిరి బిగబట్టినాము, అప్పుడు వెలిగింది. ‘మామిడితోట ఆశ్రమానికి రాసియ్యి, నీ ఇల్లు అమ్ముడుపోతాది’ అన్నాడు.”

“రాసిచ్చేసినారా?”

“రేపు మధ్యాహ్నం రిజిస్ట్రేషన్. ఏడెకరాలు. మా నాయన కడవలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. నా పెండ్లాంబిడ్డలకు కూడు పెట్టేది అదొక్కటే. అయినా రాసిస్తా.”

“సార్.”

“ఏమి?”

“ఊపిరి ఎంతసేపు బిగబట్టినారు?”

“దేవుడి ముందర గడియారం చూసుకుంటామా? రెండు సెకన్లు ఉంటాదేమో.”

“మూడు సార్. ఒక్క సెకనైతే జనం నమ్మరని, స్వామి నాతో మూడు పెట్టించుకున్నాడు.”