గాజుపలక మీద కుంకుమ

చీమకుర్తి దగ్గరి గ్రానైట్ క్వారీ అంచున నా మనవరాలు బండ పగుళ్ల మీద పరిశోధన చేస్తోంది. కింద గోతిలో దాని నాన్న, అంటే నా కొడుకు, పని చేస్తున్నాడు. వాడికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లాను.

“తాతయ్యా, పగులు మీద నేను అతికించిన గాజుపలకకి పసుపు కుంకుమ ఎవరు పెట్టారు?”

“నేనేనమ్మా, పొద్దున. తడిపి మరీ పెట్టాను.”

“అది దేవుడి పటం కాదు. బండ కదిలితే గాజు చిట్లుద్ది. నువ్విలా పూస్తే నాకేం కనపడుద్ది?”

“కొత్త మోటారుకి పెట్టమా? మీ నాన్న నెత్తిమీద బండకి కాపలా ఉంది గదా ఇది.”

“సర్లే, ఆ నీళ్ల సీసా ఇటివ్వు. నవ్వమాకు.”

“నవ్వట్లేదు తల్లీ. మెల్లిగా తుడువు.”

“తాతయ్యా, ఈ ఎర్రగీత పోవట్లేదు.”

“ఇంకాస్త రుద్దు.”

“రుద్దినా పోదు. గాజు చిట్లింది, కుంకుమ అందులోకి దిగింది. లేకపోతే అంత సన్నగీత నా కంటికి ఆనేది కాదు.”

“అంటే బండ కదిలిందా?”

“కదిలింది. నువ్వు వెనక్కి జరుగు. నేను విజిల్ వేయిస్తా.”

విజిల్ మోగింది. కిందివాళ్లంతా పనిముట్లు వదిలి పైకొచ్చే బాట పట్టారు.

“నాన్న కనపడ్డాడా తాతయ్యా?”

“అడుగో, ఎర్ర తువ్వాలు. మెట్టెక్కి వచ్చేశాడు. నువ్విక ఏడవమాకు, క్యారేజీ విప్పుదాం.”

“రేపు ఇంకో పలక అతికిస్తా.”

“ఈసారి ముట్టుకోనులే.”

“ముట్టుకో. పసుపు వద్దు, కుంకుమ తెచ్చుకో.”